ఒకే ముద్ర, రెండు లోహాలు: వర్తక నాణేలకు బంగారు ప్రతిరూపాలు

రామన్నపేట, భువనగిరి, నల్లగొండ ప్రాంతాల పాత భూమి కాగితాలను, అప్పు పత్రాలను విప్పి చూచిన వారికి రెండు మాటలు ఎదురవుతాయి. ఒకటి ‘హాలీ సిక్కా’, రెండవది ‘కల్దారు’. హాలీ సిక్కా అనగా చెలామణిలో ఉన్న నాణెమని అర్థం. అది నిజాం ప్రభుత్వపు రూపాయి. కల్దారు అనగా యంత్రంపై ముద్రించినదని అర్థం. అది ఇంగ్లీషు వారి రూపాయి. మన పూర్వులు పంట అమ్మినా, బట్ట కొన్నా, శిస్తు కట్టినా ఈ రెండు రూపాయల మధ్యనే లెక్కలు వేసుకొన్నారు. ఈ రెండూ వెండివే. అయితే ఇదే ముద్రతో, ఇదే రూపంతో బంగారు నాణేలు కూడ కొన్ని ఉండేవి. అవి అంగడిలో అరుదుగా కనిపించేవి; పెట్టెలలో, మెడలలో, దర్బారులలో మాత్రం కనిపించేవి. వెండి నాణేలకు ఇటువంటి బంగారు ప్రతిరూపాలు ఎందుకు పుట్టినవి, వాటిని ఎట్లు గుర్తించవలెను, వాటి నిజమైన విలువ ఎందులో ఉన్నది అనే విషయాలను ఈ వ్యాసంలో వివరించదలచినాము.

ముందుగా ఒక మాట స్పష్టం చేస్తాము. ముద్ర ఒకటైనంత మాత్రాన నాణెం ఒకటి కాదు. వెండి రూపాయి చేసే పని వేరు, దాని ముద్రనే ధరించిన బంగారు నాణెం చేసే పని వేరు. ఈ భేదం తెలియకపోవుట వలన మన ఇండ్లలో రెండు విధాల నష్టం కలుగుతున్నది. బంగారు పూత పూసిన రూపాయిని మొహరుగా నమ్మి కొని మోసపోయేవారు కొందరు. అసలైన మొహరును ఉత్త బంగారంగా తూకానికి అమ్మి, కరిగింపజేసేవారు మరికొందరు.

పాత అలవాటే

ఒకే బొమ్మను రెండు లోహాలపై ముద్రించుట ఇంగ్లీషు వారితో మొదలైనది కాదు. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో 1500కు పైగా రోమను వెండి నాణేలు, అనగా దెనారియస్‌లు దొరికినవి. అవి ప్రధానంగా అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలం నాటివి. ఆ చక్రవర్తులు అదే బొమ్మలతో బంగారు నాణేలను కూడ ముద్రింపజేసినారు. ఒక బంగారు నాణెం ఇరువదియైదు వెండి నాణేలకు సమానం. అంటే రెండు వేల సంవత్సరాల క్రిందటనే మన జిల్లా నేలమీదికి విదేశీ వర్తక నాణెం వచ్చి చేరినది.

మన దేశంలోని పేర్లు కూడ ఈ వర్తక చరిత్రనే చెబుతాయి. రూపాయి అనే మాట సంస్కృతంలోని ‘రూప్య’ నుండి వచ్చినది. మొహరు పారసీకంలో ముద్ర అనే అర్థం గల మాట. అష్రఫీ అనే పేరు పదునైదవ శతాబ్దిలో ఈజిప్టును ఏలిన సుల్తాన్ అల్ అష్రఫ్ బర్స్‌బే వేయించిన బంగారు నాణెం నుండి వచ్చినది. అచ్చు అనే అర్థం గల అరబ్బీ మాట ‘సిక్కా’ మనకు నాణెం అయినది. అదే మాట ఇటలీ చేరి, వెనిస్ నగరపు బంగారు నాణేనికి ‘జెకినో’ అనే పేరుగా మారినది. భాషలు వేరైనా వర్తకులు ఒకే సంతలో నిలుచున్నారనుటకు ఈ పేర్లే సాక్ష్యం.

మద్రాసు గోపుర నాణెం

తెలుగు చదువరులకు ప్రత్యేకంగా చెప్పదగిన ఉదాహరణ మద్రాసు టంకశాలది. దక్షిణాదిన చిరకాలం బంగారు వరహాయే ప్రధాన నాణెం. ఇంగ్లీషు వారు దానిని పగోడా అన్నారు. 1807 తరువాత మద్రాసులో యంత్రాలపై కొత్త నాణేలు వేసినారు. వాటికి ఒక వైపున గుడి గోపురం, చుట్టూ నక్షత్రాలు. రెండవ వైపున తామర నుండి లేచిన విష్ణుమూర్తి. ఇంగ్లీషు, పారసీకం, తమిళం, తెలుగు — నాలుగు లిపులు ఆ ఒక్క నాణెంపై చోటు చేసుకొన్నవి. ఇంగ్లీషు వారు నక్షత్రమన్నదానిని పారసీక లేఖనం ‘ఫూలీ’, అనగా పువ్వు గలది, అన్నది.

ఇదే గోపురం, ఇదే విష్ణుమూర్తితో వెండిలో అర పగోడా, పావు పగోడా వేసినారు. బంగారంలో ఒక పగోడా, రెండు పగోడాల నాణేలు వేసినారు. వెండి అర పగోడాలను స్పానిష్ డాలర్లపైననే తిరిగి అచ్చు కొట్టుట జరిగినది. అందువలన కొన్నింటిపై పాత ముద్ర ఛాయలు నేటికీ కనిపిస్తాయి. సముద్రాలు దాటి వచ్చిన వర్తక నాణెం తెలుగు అక్షరాలు తొడుక్కొని మన అంగళ్ళలో తిరిగినదన్న మాట.

1818లో మద్రాసు ప్రభుత్వం వరహాను వదలి వెండి రూపాయిని ప్రమాణంగా తీసుకొన్నది. నూరు పగోడాలకు 350 రూపాయల చొప్పున లెక్క కట్టినారు. 1835 చట్టం ద్వారా కంపెనీ ఏలుబడిలోని ప్రాంతమంతటికీ ఒకే రూపాయి ఏర్పడినది. దాని బరువు 180 గ్రెయిన్లు, అనగా 11.66 గ్రాములు. మన వాడుకలోని పాత తులం ఇదే. బంగారు మొహరు కూడ అదే బరువు, అదే మేలిమి గలది. పండ్రెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు స్వచ్ఛమైన లోహం. దాని విలువ పదునైదు రూపాయలు. ఆ కాలపు రెండు మొహరుల నాణెంపై సింహం, ఖర్జూరపు చెట్టు బొమ్మ కలదు. 1935లో ఏర్పడిన రిజర్వు బ్యాంకు చిహ్నానికి మూలం ఆ బొమ్మయే. సింహం స్థానంలో పులిని ఉంచినారు.

ఇక్కడ ఒక చిక్కు గమనింపదగినది. బరువూ మేలిమీ ఒకటే కావున, ఒక పాలు బంగారం పదునైదు పాళ్ళ వెండికి సమానమని ప్రభుత్వం శాసించినట్లయినది. కాని అంగడి ఆ శాసనాన్ని వినదు. బజారులో బంగారం ప్రియమైనప్పుడు మొహరులు పెట్టెలలోకి పోతాయి. చౌక అయినప్పుడు ఖజానాకు వరదగా వస్తాయి. అందుకే 1835 చట్టం బంగారు నాణేన్ని చెల్లుబాటు ధనంగా అంగీకరించలేదు. 1841లో మాత్రం పదునైదు రూపాయల వంతున ఖజానాలలో మొహరులు తీసుకొనుటకు అనుమతించినారు. 1848లో కాలిఫోర్నియాలో, 1851లో ఆస్ట్రేలియాలో బంగారు గనులు బయటపడి బంగారం చౌక కాగా, 1853 జనవరి 1 నుండి ఆ అనుమతిని ఉపసంహరించినారు. నాటి నుండి మొహరు రోజువారీ ధనం కాలేకపోయినది. 1918లో యుద్ధకాలపు నాణేల కొరత వలన బొంబాయిలో పదునైదు రూపాయల బంగారు నాణేలు సుమారు 21 లక్షలు వేసినారు. అది ఆ అవసరం తీర్చుటకు తీసుకొన్న ఏర్పాటు మాత్రమే.

బొంబాయి డాలరు

వర్తక నాణెం అను పేరు పూర్తిగా తగినది బ్రిటిష్ ట్రేడ్ డాలరు. 1893లో భారతదేశపు టంకశాలలు ప్రజలు తెచ్చిన వెండిని నాణేలుగా మార్చి ఇచ్చుట మానివేసినవి. 1895 నుండి తూర్పు దేశాల వర్తకానికై బొంబాయిలో ఈ డాలరు ముద్రణ మొదలైనది. కొంతకాలం కలకత్తాలో, కొన్ని సంవత్సరాలలో లండనులో కూడ వేసినారు. 1935 వరకు ఇది సాగినది. బరువు 26.95 గ్రాములు, వెండి నూటికి తొంబది పాళ్ళు. ఒక వైపున త్రిశూలం పట్టి నిలిచిన బ్రిటానియా. రెండవ వైపున దీర్ఘాయువును సూచించే చీనా గుర్తు, చీనా అక్షరాలతో, అరబ్బీ లిపిలోని మలయా భాషతో ‘ఒక డాలరు’ అనే మాట. బొంబాయి నాణేలలో త్రిశూలపు నడిమి మొనపై చిన్న అక్షరం ఆ టంకశాల పేరును తెలుపుతుంది. ఈ డాలరు హాంకాంగులో, సింగపూరులో, మలయా రేవులలో తిరిగినది. తెలుగుదేశపు తీరం నుండి మలయా తోటలకు కూలికి పోయిన మనవారు దిగిన నేలమీద నడిచిన నాణెం ఇదే.

ఈ డాలరుకు బంగారు ప్రతులు కొన్ని కలవు. అవి వర్తకంలో తిరుగుటకై పుట్టినవి కావు. టంకశాలలు మెరుగు పెట్టిన అచ్చులతో నమూనా ముద్రలు వేయుట ఒక ఆచారం. కోరిన సేకరణకారులకు పాత సంవత్సరాల నాణేలను తిరిగి ముద్రించి ఇచ్చుట మరొక ఆచారం. బొంబాయి టంకశాలలో ఈ పునర్ముద్రణ 1970 వరకు సాగినది. కావున ఒక బంగారు డాలరుపై 1895 అని ఉన్నంత మాత్రాన అది ఆ సంవత్సరంలోనే పుట్టినదని చెప్పలేము. నాణెంపై ఉన్న సంవత్సరం అచ్చుకు చెందినది. ముద్ర పడిన దినం వేరు కావచ్చును. సేకరణకారులు వీటికి పెద్ద ధర చెల్లించేది ఇవి అరుదైనందువలననే గాని, ఇవి ఎన్నడైనా సరుకు కొన్నవని కాదు.

చార్మినారు అష్రఫీ

ఇక మన ఇంటి సంగతికి వస్తాము. హైదరాబాదు రాజ్యం తన సొంత నాణేన్ని నిలుపుకొన్నది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో సైఫాబాదు టంకశాల 1903లో ఏర్పడినది. ఆ ప్రాంతంలోనే చార్మినారు బొమ్మ నాణేలపైకి వచ్చినది. చార్మినారు నడిమి ద్వారంలో ఒక అక్షరం కనిపిస్తుంది. అది ‘మీమ్’ అయితే మహబూబ్ అలీ ఖాన్ కాలం నాటిది. ‘ఐన్’ అయితే 1911లో గద్దె నెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ కాలం నాటిది. చార్మినారు చుట్టూ నిజాముల్ ముల్క్ ఆసఫ్ జా బహాదూర్ అనే బిరుదు ఉంటుంది. 92 అనే అంకె కూడ ఉంటుంది. అది సంవత్సరం కాదు. అబ్జద్ లెక్కలో మీమ్ 40, హే 8, మళ్ళీ మీమ్ 40, దాల్ 4, మొత్తం 92. అది ప్రవక్త ముహమ్మదు నామానికి సంఖ్యారూపం. రెండవ వైపున ‘ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్’, అనగా శుభమైన పునాది గల హైదరాబాదు, అని టంకశాల పేరు ఉంటుంది.

నాణెంపై గల సంవత్సరం హిజ్రీ. దానిని 0.97తో గుణించి 622 కలిపితే క్రీస్తు శకం సుమారుగా వస్తుంది. ఉదాహరణకు 1329ని గుణిస్తే 1289. దానికి 622 కలిపితే 1911.

ఈ చార్మినారు ముద్రతోనే వెండిలో రూపాయి, బంగారంలో అష్రఫీ వేసినారు. అష్రఫీకి అర, పావు, అరపావు భాగాలు కూడ కలవు. రూపాయి బరువు 11.178 గ్రాములు, అష్రఫీ బరువు కూడ అంతే. కాని రూపాయిలో వెండి వేయింట 818 పాళ్ళు. అష్రఫీలో బంగారం వేయింట 910 పాళ్ళు.

రూపాయి పని వర్తకం. నూరు కల్దారు రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ సిక్కా అనే మారకం చాలాకాలం లెక్కగా ఉండినది. ఇది ఎవరో ఊహించి నిర్ణయించిన అంకె కాదు. కల్దారు రూపాయిలో స్వచ్ఛమైన వెండి 10.69 గ్రాములు, హాలీ రూపాయిలో 9.14 గ్రాములు. మొదటిదానిని రెండవదానితో భాగిస్తే 1.17 వస్తుంది. మారకపు అంకె కూడ ఇంచుమించు అదే. వెండి మాట్లాడిన మాటనే సాహుకారు తన చిట్టాలో రాసుకొన్నాడు.

అష్రఫీ పని వేరు. దాని ధర బజారులోని బంగారం ధరను బట్టి మారేది. దర్బారులలో, ఈదు పండుగనాడు, ప్రభువు జన్మదినాన అమీరులు, అధికారులు సమర్పించే నజరు ఒక అష్రఫీ, నాలుగు రూపాయలు. అక్కడ అష్రఫీ విధేయతకు గుర్తు. కలిగిన ఇండ్లలో అది కష్టకాలానికి దాపు. దానికి కొక్కెం అతికించి మెడలో వేసుకొన్నవారూ ఉన్నారు. 1948లో హైదరాబాదు భారతదేశంలో కలిసిన తరువాత, 1950 దశకంలో హాలీ సిక్కా క్రమంగా మాయమైనది. అష్రఫీకి అటువంటి గడువు లేదు. అది ముందు నుండీ చెలామణిపై ఆధారపడినది కాదు.

నీరు చెప్పే సాక్ష్యం

ముద్ర ఒకటే అయినందువలన రూపాయికి బంగారు పూత పూసి అష్రఫీగా చూపుట మోసగాళ్ళకు సులభం. ‘పొలం దున్నుతుంటే దొరికినది, చౌకగా ఇస్తాము’ అని చెప్పి అమాయకులను వంచించే ముఠాల సంగతి మనమందరం వింటూనే ఉన్నాము. ఉర్దూ చదువగలవారికి మొదటి రక్ష అక్షరమే. నాణెంపై ‘రూపియా’ అని ఉన్నదా, ‘అష్రఫీ’ అని ఉన్నదా చూడవలెను. రెండవ రక్ష మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలోనే ఉన్నది.

నాణేన్ని దారంతో త్రాసుకు వ్రేలాడదీసి మొదట గాలిలో, తరువాత నీటిలో ముంచి తూచవలెను. నీటిలో ఎంత బరువు తగ్గినదో చూచి, గాలిలోని బరువును ఆ తగ్గుదలతో భాగించవలెను. వచ్చినది సాపేక్ష సాంద్రత. అష్రఫీ నీటిలో సుమారు 0.64 గ్రాములు తగ్గుతుంది. భాగఫలం పదునేడున్నరకు దగ్గరగా ఉంటుంది. రూపాయి సుమారు 1.1 గ్రాములు తగ్గుతుంది. భాగఫలం పదికి కొంచెం ఎక్కువ. పూత ఎంత మెరిసినా ఈ లెక్క మారదు. అరిగిన నాణేనికి కూడ ఇది సరిపోతుంది, ఎందుకనగా మనం చూచేది బరువును కాదు, నిష్పత్తిని. కొక్కెం అతికించిన నాణేనికి మాత్రం కచ్చితంగా సరిపడదు.

ఇంకొక సులభమైన గుర్తు కూడ ఈ లెక్కలోనే ఉన్నది. ఒకే బరువు గల రెండింటిలో అష్రఫీ ఘనపరిమాణం రూపాయిలో ఆరు పదుల పాలు కూడ ఉండదు. కావున రూపాయి అంత వెడల్పు, అంత మందం ఉండి, రూపాయి అంతే తూగే ‘బంగారు’ నాణెం బంగారం కాజాలదు. ట్రేడ్ డాలరు విషయంలోను అంతే. అంతే పరిమాణంలో ఇరువది రెండు వన్నె బంగారంతో వేస్తే అది 27 గ్రాములు కాక సుమారు 46 గ్రాములు తూగవలెను.

కరిగించిన చరిత్ర తిరిగి రాదు

అసలైన నాణెమని తేలిన తరువాత కలిగే ప్రమాదం మరొకటి. 1965లో ఉస్మాన్ అలీ ఖాన్ జాతీయ రక్షణ బంగారు బాండ్లలో 4,25,000 గ్రాముల బంగారం పెట్టినారు. ఐదు వేల కిలోలు దానం చేసినారని లోకంలో ప్రచారం కలదు. లెక్క ప్రకారం అది 425 కిలోలు, అదియు ఆరున్నర శాతం వడ్డీ గల పెట్టుబడి. ఆ డిసెంబరులో హైదరాబాదు వచ్చిన ప్రధాని లాల్ బహాదూర్ శాస్త్రి ఈ సందర్భంలో ఒక ముఖ్యమైన విషయం చెప్పినారు. ఆ బంగారంలో పాత మొహరులు ఉన్నవనీ, వాటి ప్రాచీనతకు విలువ ఎక్కువ కావున వాటిని కరిగింపక, విదేశాలకు పంపి ఎక్కువ ధర రాబట్టదలచినామనీ ఆయన మాటల సారాంశం. దేశం యుద్ధం నుండి అప్పుడే తేరుకొంటున్నది, బంగారం అత్యవసరం. అటువంటి సమయంలో కూడ నాణెం విలువ దాని తూకం కంటె ఎక్కువ అని ప్రభుత్వం గుర్తించినది.

మన ఇండ్లలో జరుగుతున్నది దీనికి విరుద్ధం. పెండ్లికో, వైద్యానికో డబ్బు కావలసి వచ్చినప్పుడు పెట్టె అడుగున ఉన్న నాణెం కంసాలి కొలిమికి చేరుతుంది. అవసరంలో అమ్ముకొనుట తప్పు కాదు. కాని అమ్మేది ఏమిటో తెలియకుండ అమ్ముట నష్టం. తూకానికి అమ్మితే బంగారం ధర మాత్రమే వస్తుంది. నాణెంగా అమ్మితే దాని చరిత్రకు కూడ ధర వస్తుంది, నాణెమూ నిలుస్తుంది. చింతపండుతో తోమి మెరుగు పెట్టుట, రంధ్రం వేయుట కూడ ఆ విలువను తగ్గించే పనులే.

చట్టం చెప్పేది కూడ విద్యార్థులు తెలిసికొనవలెను. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగి పది రూపాయల కంటె ఎక్కువ విలువ గల నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయవలెను. తాతల నుండి సంక్రమించిన నాణెం దీని క్రిందికి రాదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరు సంవత్సరాలు దాటిన నాణెం పురావస్తువు. దానిని అనుమతి లేకుండ దేశం దాటించరాదు. మహబూబ్ అలీ ఖాన్ కాలపు అష్రఫీలన్నియు ఇప్పటికే ఆ వయస్సు దాటినవి.

కళాశాల సంఘం వారికి, విద్యార్థులకు ఒక విన్నపం చేస్తున్నాము. ఉర్దూ చదివేవారు, తెలుగు చదివేవారు ఒకే కప్పు క్రింద ఉన్న కళాశాల మనది. గోపుర నాణెంపై తెలుగును ఒకరు చదువుతారు, చార్మినారు నాణెంపై లేఖనాన్ని మరొకరు చదువుతారు. త్రాసు ఎట్లాగూ ప్రయోగశాలలో ఉన్నది. చరిత్ర, భౌతికశాస్త్ర శాఖలు కలిసి ఒక చిన్న దఫ్తరు ప్రారంభించవచ్చును. యజమాని తన నాణేన్ని తానే తెచ్చి, తన కన్నుల ఎదుటనే తూపించి, చదివించుకొని, తానే తిరిగి తీసికొని పోవలెను. దఫ్తరులో లేఖనం, హిజ్రీ సంవత్సరం, బరువు, సాంద్రత, రెండు వైపుల చిత్రం మాత్రం ఉండవలెను. భద్రత కొరకు యజమాని పేరు, ఇంటి గుర్తు ఉండరాదు. తరువాత ఆ నాణెం అమ్ముడుపోయినా, కరిగిపోయినా, ఈ నేలమీద అది ఒకనాడు ఉండినదనుటకు ఆ ఒక్క పుట సాక్ష్యంగా మిగులుతుంది. ఇందుకు కావలసినది ఒక త్రాసు, ఒక గిన్నెడు నీరు, రెండు లిపులు చదువగల కొందరు పిల్లలు.